అప్ప కొడుకులు

మా అమ్మ నాకు తెలిసి జన్మలో ఒకే ఒక్క పెద్ద అబద్ధం ఆడింది. అదీ ఒక మునిసిపాలిటీ రూలు కోసం. నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో పిల్లా పెద్దా అందరూ అంటారు. అననీండి. ఈ సంగతి కోపం లేకుండా చెప్పమంటే మటుకు నావల్ల కాదు.

అరవైల దశకం చివర మేం విజయనగరంలో ఉండేవాళ్ళం. నాన్న జూటు మిల్లులో గుమస్తాగా చేస్తూ చేస్తూ జ్వరమొచ్చి పోయారు. ఆయన కట్టించిన పెంకుటిల్లు ఒక్కటీ మాకు మిగిలింది. వీధరుగు, దాన్ని ఆనుకుని వీధి గది, నడవ, వంటిల్లు, పెరట్లో నుయ్యి, అంతే. అటూ ఇటూ ఇళ్ళతో గోడలు కలిసి ఉండేవి కాబట్టి పక్కింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములొచ్చేవి. వీధి గదిలో కాలేజీ కుర్రాళ్ళని పెట్టుకుని, వాళ్ళకి రెండు పూటలా వండిపెట్టి అమ్మ మా ఇద్దరి పొట్టలూ నింపేది. నేనప్పుడు పి.యు.సి.లో ఉన్నాను. ఆ గది ఖాళీ అయితే మేం చీపురుపల్లి అవతల మావయ్య ఊరికి పోయి, వాళ్ళ పశువుల సావిడి పక్కన వసారాలో పడుండాలి. నా చదువు అక్కడితో సరి. ఈ మాట అమ్మ నాకు దాచకుండా చెప్పేది. అందుకే ఆ గదిలో మనుషులుండడమంటే మాకు ఊపిరి ఉండడమే.

ఆ ఏడు ముగ్గురుండేవారు. అందరిలోకీ పెద్దవాడిది పార్వతీపురం అవతల కొండల కింద ఏదో పల్లె. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. పేపరు చదివితే మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, మడతపెట్టి, ఏమీ అనకుండా కూర్చునేవాడు. రెండోవాడిది రాజాం. వాళ్ళ నాన్న ధాన్యం కొట్టు దగ్గర కాటా వేసేవాడు. ఒక్కడే కొడుకు. ఆ ఏడు బి.ఎస్సీ. ఆఖరు పరీక్షలు రాయాలి, రాస్తే వాళ్ళ ఇంటి మొత్తంలో డిగ్రీ చదివిన మొదటివాడవుతాడు. నవ్వితే ముందు కళ్ళు నవ్వేవి. మూడోవాడు గరివిడి కుర్రాడు, తండ్రి అక్కడి ఫ్యాక్టరీలో పని. వాడికి తిండి తప్ప రెండో ధ్యాస లేదు. ఉలవచారు వాసన వస్తే పుస్తకం మూసేసేవాడు.

ఆ రోజుల్లో మా వీధికి కుర్రాళ్ళంటే గిట్టేది కాదు. వెనక వీధిలో స్టూడెంట్ల గదులు నాలుగైదు ఉండేవి, అక్కడ రేడియో గోల, సిగరెట్లు, అరుగుల మీద పేకాట. అంతటితో అయితే ఎలాగో సర్దుకునేవారు. కానీ కొండల వైపు నుంచి కబుర్లు రావడం మొదలైంది. ఫలానా ఊళ్ళో భూస్వామి ఇంటి మీద పడ్డారట, ఫలానా కాలేజీ కుర్రాడు పుస్తకాలు గదిలో వదిలేసి కొండెక్కిపోయాడట. ఎవరూ గట్టిగా అనేవారు కాదు. నీళ్ళు తోడుకుంటూ, తల వంచుకుని, పెదాలు కదలకుండా చెప్పుకునేవారు. సందు మొగలో జీపు ఆగితే వీధిలో తలుపులన్నీ ఒక్కటొక్కటిగా మూసుకునేవి. నాకు ఆ తలుపుల చప్పుడంటే భయమేసేది.

మా ఎదురింటి పెద్దాయన తాసీల్దారు ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. వీధి మొత్తానికీ ఆయన మాటే మాట. ఆయనే నలుగుర్నీ పోగేసి, సంసారాలుండే వీధుల్లో స్టూడెంట్ల గదులు వద్దని అర్జీ పెట్టించాడు. కొన్నాళ్ళకి టముకు వేయించారు. బంధువులు కాని మగపిల్లల్ని ఇళ్ళల్లో ఉంచుకుని అన్నం పెడితే అది హాస్టలు కిందే లెక్కట. హాస్టలుకి లైసెన్సు కావాలట. సంసారాలుండే వీధుల్లో ఆ లైసెన్సు ఇవ్వరట. టముకువాడు మా అరుగు ముందే నిలబడి, డప్పు మీద గట్టిగా రెండు దెబ్బలు ఎక్కువ వేసి మరీ చెప్పాడు. నాకు వాడి డప్పు చించెయ్యాలనిపించింది. బంధువులైతే పదిమందిని పెట్టుకోవచ్చట, వాళ్ళు తాగి పొర్లినా ఫరవాలేదట. బుద్ధిగా చదువుకునే పరాయి పిల్లలు ముగ్గురుంటే వీధి పాడైపోతుందట. ఈ తెలివి ఎవరికి పుట్టిందో గానీ, వాళ్ళ వంట వాళ్ళే వండుకుని తినాలి.

ఆ తర్వాత ఒక పొద్దున్న శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వెంట ఎదురింటి పెద్దాయన, ఇంకో ఇద్దరు. కుర్రాళ్ళు ముగ్గురూ గదిలో చాపల మీద కూర్చుని చద్దన్నం తింటున్నారు. నేను నడవలో తలుపు వెనక నిలబడ్డాను.

"ఈళ్ళెవరమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అమ్మ చేతిలో మజ్జిగ గిన్నె ఉంది. అది కింద పెట్టలేదు, తొణకలేదు. "మా అప్ప కొడుకులండి" అంది.

మా వైపు అప్ప అంటే అక్క. అమ్మకి అప్ప ఒకామె నిజంగానే ఉండేది. పెళ్ళవగానే మొగుడితో ఓడెక్కి రంగూన్ వెళ్ళిపోయింది. తర్వాత బతికుందో లేదో తెలీదు. ఆ మధ్యనే బర్మా నుంచి మన వాళ్ళు కట్టుబట్టలతో తిరిగొచ్చి మా జిల్లాల్లో అక్కడక్కడ సర్దుకున్నారు కదా. అమ్మ ఆ మాటే పట్టుకుంది. అప్ప కుటుంబం తిరిగొచ్చి రాజాం వైపు ఉంటోందనీ, పిల్లల్ని చదువుకోసం తన దగ్గర పెట్టిందనీ అప్పటికప్పుడు అల్లేసింది. మా అమ్మకి అంత తెలివుందని నాకు అప్పటిదాకా తెలీదు.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ముగ్గురూ ఒక తల్లి పిల్లలేనా?" అన్నాడు.

"ఒక తల్లి పిల్లలే బాబూ."

ఇన్‌స్పెక్టరు తల ఊపి వెళ్ళిపోయాడు. అంతే పని.

వాళ్ళటు వెళ్ళగానే నేను అమ్మ మీద పడ్డాను. "మావయ్య కొడుకులంటే పోయేది కదా. మావయ్య ఎలాగూ ఉన్నాడు. ఈ బర్మా గొడవ ఏల?"

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "తమ్ముడి కొడుకులైతే నీకు ఏటవుతారే? బావలవుతారు. పెళ్ళీడొచ్చిన గుంటని ఇంట్లో ఎట్టుకుని, ముగ్గురు బావల్ని తెచ్చి వీధి గదిలో ఎడితే ఈ వీధి ఊరుకుంటాదా? రూలొకటి తప్పించుకుని నీ పేరు పోగొట్టుకోమంటావా? అప్ప కొడుకులైతే నీకు అన్నలు. అన్నలుంటే ఎవుడూ ఏటీ అనడు."

నిజమే. మన దగ్గర వరసే కదా అన్నీ చూసేది. అమ్మకి ఉన్నది ఒకే అప్ప కాబట్టి వాళ్ళు ముగ్గురూ ఒకరికొకరు సొంత అన్నదమ్ములైపోయారు. నా పరువు కాపాడ్డానికి ఎన్నుకున్న వరస అది. దాన్ని తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు అన్నం సయించదు.

ఆ సాయంత్రం అమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టి పాఠం చెప్పింది. అప్పటిదాకా వాళ్ళు అమ్మని అత్తా అని పిలిచేవారు, మా ఊళ్ళల్లో అది మామూలే. ఇకనుంచి పిన్నీ అనాలి. ఒకర్నొకరు అన్న, తమ్ముడు అనాలి, అదీ నూతి దగ్గర, వీధిలో, నలుగురికీ వినపడేలాగ. గరివిడి కుర్రాడికి నవ్వాగలేదు. రాజాం కుర్రాడు నా వైపు చూసి, చూపు తిప్పేసుకున్నాడు. పెద్దవాడు మటుకు నవ్వలేదు.

"నన్ను అందులో కలపకండి పిన్నీ" అన్నాడు. "ఈళ్ళిద్దరూ మీ అప్ప కొడుకులనండి. నాను వేరే గది సూసుకుంటాను."

"ఇంకెక్కడ సూసుకుంటావు? ఊరంతా ఇదే రూలు. నాను ముగ్గురూ అని సెప్పేసేను. ఇప్పుడు ఒకడు ఎల్లిపోతే ఎదురింటాయన ఏటనుకుంటాడు?"

వాడు చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత సరే అన్నాడు. ఆ సరే అన్న తీరు నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అప్పుడు తెలీదు.

నా బాధ నాది. రాజాం అతన్ని అన్నయ్యా అని పిలవాలి. ఆ మాట నాకు మింగుడు పడేది కాదు. చెప్పడానికి ఇప్పుడు సిగ్గేమిటి, నాకు అతనంటే ఇష్టం. అతనికీ నేనంటే ఇష్టమని అనుకునేదాన్ని. నోరు విప్పి ఎవరూ ఏమీ అనలేదు. మజ్జిగ అందిస్తున్నప్పుడు గ్లాసు పట్టుకోవడంలో ఒక క్షణం ఆలస్యం, అంతకంటే ఏమీ లేదు. వీధిలో అతను ఎదురైతే నేను అన్నయ్యా అనేదాన్ని. అతను ఏమ్మా అనేవాడు. ఇంట్లోకి రాగానే ఇద్దరం మాట్లాడ్డం మానేసేవాళ్ళం.

గరివిడివాడు ఒకసారి మా కొంప ముంచేసేవాడే. నూతి దగ్గర చేద జారిపోతుంటే రాజాం అతనితో, "ఒరే బావా, బేగి అట్టుకోరా" అని అరిచాడు. మా వైపు స్నేహితులందరూ బావలే, అది నాలిక మీద ఉండే మాట. కానీ అప్పుడే పెద్దాయన భార్య, ఎదురింటి మామ్మ, మా పెరట్లోకి కరివేపాకు కోసం వచ్చింది. "అన్నదమ్ములు బావా అనుకుంటారేటే?" అంది. అమ్మ వంటింట్లోంచి, "బర్మాలో పెరిగిన గుంటలు కదత్తా, ఆళ్ళకి వరసలు ఏటి తెలుస్తాయి" అంది. మామ్మ నవ్వేసింది. వెళ్తూ వెళ్తూ వాకిట్లో ఆగి మటుకు ముగ్గురి మొహాలూ ఒక్కసారి చూసుకుని వెళ్ళింది.

చలికాలం వచ్చేసరికి పెద్దవాడు శనివారం అయితే చాలు వెళ్ళిపోయేవాడు. ఊరికి, అనేవాడు. సోమవారం పొద్దున్న వచ్చేవాడు. పాదాల నిండా ముళ్ళ గీతలు, పంచె అంచున ఎర్రమట్టి. అమ్మ అడగలేదు, అడగనివ్వలేదు. అన్నం పెట్టినప్పుడు మటుకు ఇంకో గరిటె ఎక్కువ వేసేది. సందు మొగలో టీ దుకాణం దగ్గర కొత్త మనుషులిద్దరు కనపడడం మొదలుపెట్టారు. ఊళ్ళో పనేమీ ఉన్నట్టు లేదు. మా ఇంటి వైపు మొహం పెట్టుకుని టీ తాగేవారు. టీ అయిపోయినా కూర్చునేవారు. నేను కాలేజీకి వెళ్తుంటే వాళ్ళ మాటలాగిపోయేవి. వీపు మీద ఆ చూపులు తగులుతూనే ఉండేవి.

ఇంకోపక్క ఆ వీధి మాకు దగ్గరవుతూ వచ్చింది. అదే నాకు విడ్డూరం. బంధువులని నమ్మాక ఎదురింటి పెద్దాయన తీరే మారిపోయింది. రాజాం అతన్ని అరుగు మీద కూర్చోబెట్టుకుని లెక్కల్లో ఏదో చెప్పేవాడు. గరివిడివాడికి జ్వరమొస్తే మామ్మ మిరియాల కషాయం పంపింది. బర్మా నుంచి అంత కష్టపడి వచ్చిన పిల్లలని అందరూ జాలిపడేవారు. నిజం పిల్లలైతే ఎవరికీ పట్టలేదు, అబద్ధం పిల్లల్ని అందరూ దగ్గరకి తీశారు.

పరీక్షలింకా నెల ఉన్నాయనగా పెద్దవాడు ఒక శనివారం వెళ్ళి తిరిగి రాలేదు. సోమవారం అమ్మ అతని కంచం కడిగి బోర్లించింది. మంగళవారం కూడా. గరివిడివాడు అప్పటికే జ్వరం తిరగబెట్టి ఇంటికెళ్ళిపోయాడు. గదిలో రాజాం అతనొక్కడే మిగిలాడు. "అతనెక్కడికెళ్ళాడో నీకు తెలుసా?" అని నేను గుమ్మం దగ్గర నిలబడి అడిగాను. "నాకు సెప్పలేదు" అన్నాడు. "సెప్పకపోడమే మంచిదనుకున్నాడేమో." అతని చేతిలో పుస్తకం ఉంది గానీ పేజీ తిప్పడం నేను చూడలేదు.

వాళ్ళు మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చారు. టీ దుకాణం దగ్గర కూర్చునే ఇద్దరూ, వాళ్ళ వెనక యూనిఫారాల్లో ఇంకొందరు. జీపు సందులో పట్టక మొగలోనే ఆగింది. ముందున్న అధికారిది ఈ ప్రాంతం కాదు, మాటలోనే తెలిసిపోయింది. పెద్దవాడి పేరు చెప్పి ఎక్కడున్నాడని అడిగాడు.

"ఊరెళ్ళాడండి" అంది అమ్మ.

"ఏ ఊరు?"

అమ్మ నోరు పెగల్లేదు. కొండ కింది పల్లె పేరు చెప్తే అప్ప కొడుకు కాకుండా పోతాడు. రాజాం అంటే రాజాం వెళ్ళి చూస్తారు. ఆ ఆలస్యం ఆయనకి చాలు. గదిలోకి చూశాడు. రాజాం అతను కంచం ముందు నుంచి లేచి నిలబడ్డాడు, కుడిచెయ్యి ఎంగిలితో.

"ఇతనెవరు?"

ఎదురింటి పెద్దాయన అప్పటికే వీధి దాటి వచ్చేశాడు. పంచె సర్దుకుంటూ, గవర్నమెంటు ఉద్యోగం చేసిన మనిషి కదా, ఆఫీసర్లంటే బెదురు లేకుండా మాట్లాడాడు. "అయ్యా, ఈళ్ళు మంచి కుటుంబం. నాను పూచీ. ముగ్గురూ సొంత అన్నదమ్ములు, ఈ అమ్మ అక్క కొడుకులు. ఈ కుర్రోడు ఆడి తమ్ముడే. చదువు తప్ప ఇంకోటి తెలీదు."

మిగతా వాళ్ళూ అరుగుల మీదికొచ్చి అవునవునన్నారు. తమ్ముడేనన్నారు. ఎంత మంచి పిల్లలో చెప్పారు. ఒకప్పుడు వెళ్ళగొట్టమని అర్జీ పెట్టిన వాళ్ళే, ఆ రోజు భయపడకుండా వచ్చి మా తరఫున నిలబడ్డారు. వాళ్ళు నోరు విప్పిన కొద్దీ ఉచ్చు బిగుసుకుపోతోంది.

"తమ్ముడా. సరే" అన్నాడు అధికారి. "అన్న వచ్చేదాకా తమ్ముడు మా దగ్గరుంటాడు."

చెయ్యి కడుక్కోనివ్వమని అమ్మ అడిగింది. కడుక్కోనిచ్చారు. నేనే చెంబుతో నీళ్ళు పోశాను. "పరీక్షలు" అన్నాడు నాతో, మెల్లిగా. ఆ ఒక్కమాటే అన్నాడు. తర్వాత వాళ్ళ మధ్యలో సందు చివరిదాకా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు అమ్మ ఎదురింటి పెద్దాయన్ని తోడు తీసుకుని స్టేషనుకి వెళ్ళింది. ఇల్లు పోతే పోయిందని నిశ్చయించుకునే వెళ్ళింది. అక్కడ అందరి ముందూ నిజం చెప్పేసింది. ఆళ్ళెవరూ నా అప్ప కొడుకులు కారు బాబూ, రూలుకి భయపడి అలాగ సెప్పేను, ఈ గుంటడికీ ఆడికీ ఏ సంబంధమూ లేదు, అని. పెద్దాయన నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడట.

అధికారి నవ్వాడట. "నిన్న వీధి వీధంతా సొంత అన్నదమ్ములన్నారు. ఇవాళ పట్టుకున్నాక కాదంటున్నావు. ఏది నమ్మాలి?" కాలేజీలో అడగండి, తండ్రుల పేర్లు వేరే ఉంటాయి అంది అమ్మ. "ఉన్నాయి, చూశాం" అన్నాడట ఆయన. "పేర్లు మార్చుకుని చేరడం వీళ్ళకి మామూలేగా."

నిజానికి కూడా అబద్ధం రంగు పులిమేస్తే ఇంకేం చేస్తాం చెప్పండి.

తిరిగి మా సందు దగ్గరికొచ్చాక పెద్దాయన, "నాకు ముందే సెప్పుంటే నాను పూచీ అనేవోణ్ణి కాదు కదమ్మా" అన్నాడట. "ముందే సెప్పుంటే ఇల్లు ఉంచేవారా బాబూ" అంది అమ్మ. ఆయన ఈ సంగతి వీధిలో ఎవరికీ చెప్పలేదు. ఇంటికెళ్ళి మూడు పూటలు అన్నం తినలేదని మామ్మ మాతో అంది. పట్టుకెళ్ళిన కుర్రాడి మీద బెంగేమో అనుకుంది పాపం.

కబురందుకుని రాజాం నుంచి తండ్రి వచ్చాడు. పొట్టిగా, నల్లగా, భుజం మీద తువ్వాలు, దాని మడతల్లో ధాన్యం దుమ్ము. కూర్చోమంటే కూర్చోలేదు. అమ్మ జరిగిందంతా ఏడుస్తూ చెప్పింది. ఆయన మొత్తం విని, "నా కొడుకుని ఎవరి కొడుకని సెప్పేవమ్మా?" అన్నాడు. గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది.

ఆయన కూడా స్టేషనుకెళ్ళాడు. నాను ఆడి తండ్రిని, నాకు ఒక్కడే కొడుకు అని చెప్దామని. సాయంత్రానికి తిరిగొచ్చి ఈసారి మా అరుగు మీద కూలబడ్డాడు. నేను మంచినీళ్ళు తెచ్చిస్తే గ్లాసు పక్కన పెట్టేశాడు.

"నాను తండ్రినన్నాను. అయితే మంచిదే, నీ పెద్దకొడుకు ఎక్కడున్నాడో నువ్వే సూపించు, సిన్నోణ్ణి అట్టుకెల్లు, అన్నారు." నా వైపు చూశాడు. "ఆడు ఎలాగుంటాడమ్మా? నాను ఒక్కసారైనా సూడలేదు."

నేను చెప్పాను. పొడుగు, సన్నం, గడ్డం కింద చిన్న పుట్టుమచ్చ, నడిస్తే కుడి భుజం కాస్త దించుతాడు. ఒక్కొక్కదానికీ ఆయన తల ఊపాడు, తప్పిపోయిన సొంత పిల్లాడి ఆనవాళ్ళు వింటున్నట్టే.

"మావోడి పోలికేటైనా ఉన్నాదా?"

"లేదండి."

"మరి ఏ మొఖం సూసి అన్నదమ్ములనుకున్నారు మీ వీధోళ్ళు?" అన్నాడు. నీళ్ళు తాగి లేచి బస్సు స్టాండుకి వెళ్ళిపోయాడు. తర్వాత ఆయన్ని పార్వతీపురం సంతలో చూశామనీ, పాలకొండలో చూశామనీ అన్నారు. కనపడ్డ కుర్రాళ్ళ గడ్డాల కేసి చూస్తూ తిరుగుతున్నాడని చెప్పారు.

పరీక్షలు మొదలయ్యాయి, అయిపోయాయి. అతని పుస్తకాలు గదిలో తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి. నేను దుమ్ము దులిపి మళ్ళీ అదే పేజీ దగ్గర పెట్టేదాన్ని. నా పరీక్షలు నేను ఎలా రాశానో నాకు గుర్తు లేదు. గరివిడివాళ్ళ ఇంటి నుంచి ఎవరో వచ్చి వాడి పరుపుచుట్ట తీసుకుని, మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా పోయారు.

ఎండలు ముదిరాక కొండల్లో కాల్పులని పేపర్లో వచ్చింది. చచ్చిపోయిన వాళ్ళలో మా పెద్దవాడు ఉన్నాడని టీ దుకాణం నుంచి కబురొచ్చింది. వీధి ఆడవాళ్ళందరూ మా ఇంటికొచ్చారు. అమ్మని పట్టుకుని ఏడ్చారు. అప్పకి కబురు చేశావా అని అడిగారు. అమ్మ నిజంగానే ఏడ్చింది, అన్నాళ్ళు అన్నం పెట్టిన చెయ్యి కదా. ఎదురింటి పెద్దాయన గుమ్మం బయటే నిలబడ్డాడు. "ఈ ఇంటి మీద ఇంక ఎవుడూ మాటనడమ్మా, నాను సూసుకుంటాను" అన్నాడు. ఏ ఇల్లు నిలబెట్టుకోవాలని అమ్మ అబద్ధమాడిందో ఆ ఇల్లు అలా నిలబడింది. నాకు ఆ ఇంట్లో ఉండబుద్ధి కాలేదు.

రెండు రోజులాగి రాజాం ఆయన జట్కాలో వచ్చాడు. గుండు. జట్కాలో వెనక్కి ఆనుకుని కొడుకున్నాడు, దిగలేదు. చిక్కి సగమైపోయాడు. నా వైపు చూశాడు గానీ, ఆ చూపులో నేను లేను. నేను పుస్తకాలు సర్ది తెచ్చి అతని పక్కన పెట్టాను. థాంక్స్ అన్నాడు. అంత పరాయి మాట అతని నోట ఎప్పుడూ వినలేదు.

తండ్రి అరుగు మీద కూర్చుని అమ్మతో చెప్పాడు.

"శవాన్ని సూపించి, నీ కొడుకేనా అన్నారు. ఆ పుట్టుమచ్చ ఉన్నాది. కాదంటే మావోడు రాడు. ఔనన్నాను. తండ్రివి కదా, నువ్వే కానీ అన్నారు. తలకొరివి నాను ఎట్టేను. ఆ సాయంత్రమే మావోణ్ణి ఒగ్గేసేరు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆడి సొంతోళ్ళు ఎక్కడో సూస్తంటారు కదమ్మా" అన్నాడు ఆయన. "నాను ఎల్లి సెప్దామంటే, ఆడు నా కొడుకు కాడని సెప్పాలి. ఆ మాట బయటికొస్తే మావోణ్ణి మళ్ళీ అట్టుకుపోతారు. నాను సెప్పలేను. మీరేటి సేస్తారో మరి." లేచి గుండు మీద తువ్వాలు కప్పుకుని జట్కా ఎక్కాడు.

వానలు పడ్డాక అమ్మ ఒక్కర్తే పార్వతీపురం బస్సెక్కింది. నన్ను రానివ్వలేదు. తిరిగొచ్చాక వీధి గదికి తాళం వేసి, ఇంక ఈ ఇంట్లో ఎవర్నీ పెట్టను, సామాను కట్టమంది. మావయ్య ఊరు వెళ్ళిపోయాం. నా చదువూ ఆగిపోయింది. అక్కడ వాళ్ళు ఏమన్నారని నేను ఎన్నిసార్లు అడిగినా అమ్మ నోరు విప్పలేదు. ఏళ్ళు గడిచాక, తను మంచం పట్టిన రోజుల్లో, నేను అడగకుండానే చెప్పింది.

"ఆ తల్లి ఏడవలేదే. నిప్పు ఎవరెట్టేరు, అనాథగా కాల్చేసేరా, అని ఒక్కటే అడిగింది. నేదమ్మా, తండ్రే ఎట్టేడు అన్నాను. ఆడి అయ్య పక్కనే కూకుని ఇంటన్నాడు."